ఏరు వదిలిన చోటు

పూర్వం ఒక జమీందారు తన మేడ వైపు ఒడ్డు కోతపడకుండా ఏటిలోకి పొడవాటి రాతికట్ట వేయించాడు. దాంతో ప్రవాహం అవతలికి మళ్లి జాలరిపేటను కోసేయసాగింది. రెండు గుడిసెలు ఏట్లో కలిశాక, పేట పెద్ద నూకాలు గుండె చిక్కబట్టుకుని కొలువుకి వెళ్లింది.

"కట్ట తగ్గించండి దొరా," అంది.

"ఏరు మీ చోటికొస్తే, మీరు ఏరు వదిలిన చోటికి పొండి," అన్నాడు జమీందారు, అందరూ వింటుండగా.

నూకాలు దణ్ణం పెట్టి వచ్చేసింది.

కట్ట పక్కన, సరిగ్గా మేడ ముందు, ఏరు తప్పుకున్న చోట ఇసుక మేట వేసి ఉంది. పేటంతా అక్కడికి తరలి గుడిసెలు వేసుకుని చేపలు ఎండబెట్టింది. కంపుకి మేడ కిటికీలన్నీ మూసుకున్నాయి.

"ఇక్కడికెవరు రమ్మన్నారు?" అన్నాడు జమీందారు.

"తమరే దొరా. ఏరు వదిలిన చోటు ఇదొక్కటే," అంది నూకాలు.

నిండు కొలువులో తాను అన్న మాట వెనక్కి తీసుకోలేక, అతను కట్టను సగానికి తీయించి, ఆ రాళ్లతోనే జాలరిపేట ఒడ్డు కట్టించాడు.