పదకొండు భాషల ముళ్లపంది

గుండ్లకోన అడవిలో ఉడుతలు, నక్కలు, కాకులు, ఒక ముళ్లపంది ఉండేవి. ఆ అడవిలో ఇంటింటికీ ఒక కంప్యూటర్ ఉండేది.

ముళ్లు గుచ్చుకుంటాయని ముళ్లపంది గడప ఎవరూ తొక్కేవారు కాదు. చలికాలంలో వలస వచ్చిన ఒక బాతు మాత్రం రోజూ వచ్చి, కాస్త ఎడంగా కూర్చుని, కబుర్లు చెప్పేది. ముళ్లపందికి ఉన్న స్నేహం అదొక్కటే.

ఎండలు మొదలయ్యాయి. "పది రోజుల్లో మా గుంపు బయలుదేరుతుంది," అంది బాతు. "నువ్వు నీ కంప్యూటర్‌ను నడపడానికి కొత్తగా లినక్స్ పెట్టుకున్నావుగా. మనం ఉత్తరాలు రాసుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాం చెయ్యి. నేనుండగానే నా కంప్యూటర్లో కూడా పెట్టు. వెళ్లాక నాకు చేతకాదు."

ప్రోగ్రాం ఏ కంప్యూటర్ భాషలో రాయాలని ముళ్లపంది అందరినీ అడిగింది. నక్క సి అంది. కాకి జావా అంది. రెండూ తెచ్చుకుంది. అంతలో ఇంకోటి బాగుంటుందని విని అదీ తెచ్చుకుంది. అలా పదకొండు భాషలు పోగయ్యాయి. ప్రోగ్రాం రాసుకునే ఒక ఎడిటర్‌లోకి వెళ్లి, బయటికి రావడం తెలియక సగం రోజు అందులోనే ఉండిపోయింది. ఇంకో ఎడిటర్‌కు రంగులు ఎంచుకోవడానికి రెండు రోజులు పట్టింది. రంగులైతే బాగా కుదిరాయి. ప్రోగ్రాం మాత్రం ఒక్క వరుస కూడా పడలేదు.

ఉడుత కూడా లినక్స్‌కు కొత్తే. అందులో ముందే ఉన్న పైథాన్ భాషతో, మామూలు ఎడిటర్‌లో, మూడు రోజులు కుస్తీపట్టి ఇరవై వరుసల ఉత్తరాల ప్రోగ్రాం రాసింది. ఏటి అవతల ఉన్న అక్క నుంచి దానికి రోజూ పొద్దున్నే ఉత్తరం వస్తోంది.

"అన్నా, నాది తీసుకో. నీకూ సరిపోతుంది," అంది ఉడుత.

ముళ్లపందికి నామోషీ అనిపించింది. "ఇరవై వరుసలదా? నా బాతుకు అలాంటిది ఇవ్వను. గొప్ప భాష దొరకనీ."

పదో రోజు బాతు కంప్యూటర్ పట్టుకుని వచ్చింది. "అయిందా?"

"ఇంకొక్క భాష చూడాలి. రెండు రోజులాగు."

"గుంపు లేచింది. అంత దూరం నేనొక్కదాన్నే ఎగరలేను," అంది బాతు. కంప్యూటర్ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ముళ్లపందితో మాట్లాడేవారే లేరు. రోజంతా ఒంటరిగా కూర్చునేది. బెంగతో తిండి కూడా సయించలేదు. చివరికి సిగ్గు విడిచి ఉడుత ప్రోగ్రాం అడిగి తెచ్చుకుంది. ఒక్క పూటలో నేర్చుకుంది.

"బాతూ, క్షేమంగా చేరావా?" అని రాసి పంపింది. అందుకునే ప్రోగ్రాం బాతు దగ్గర లేదు. ఉత్తరం వెళ్లలేదు. బాతు మళ్లీ వచ్చే చలికాలానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి.

నీతి: ఏది గొప్పదో తేల్చుకుంటూ కూర్చునేవాడికి సమయం మించిపోతుంది, చేతిలో ఉన్న పనిముట్టుతో మొదలుపెట్టినవాడికే పని పూర్తవుతుంది.