తాడిచెట్ల మీది గింజలు

గోదావరి నడుమ ఒక ఇసుక లంక ఉంది. అక్కడ పిల్లలతో ఒక కోడి, ఒక ఎద్దు, ఒక ముసలి ఉడుత ఉండేవి. లంకలో రెల్లు పెరుగుతుందే కాని తిండిగింజ పండదు. నూకలు కావాలన్నా, తవుడు కావాలన్నా అవతలి గట్టు నుంచి నక్క తన తెప్ప మీద తేవాల్సిందే. మామూలు రోజుల్లో అది కోడిగుడ్లకు గింజలిచ్చేది. నిరుటి వరదలో మాత్రం గుప్పెడు నూకలకు కోడిపిల్లనే అడిగింది. మిగతా పిల్లలు ఆకలికి సోలిపోతుంటే చూడలేక కోడి ఒకదాన్ని ఇచ్చింది. ఆ పిల్ల మళ్ళీ కనబడలేదు.

అప్పటి నుంచి ముసలి ఉడుతకు కంటి మీద కునుకు లేదు. తెప్ప వచ్చినప్పుడల్లా, "తినే ముందు పిడికెడు తీసి ఇలా ఇవ్వండర్రా" అని అడిగి తీసుకునేది. లంక నడుమ ఎత్తైన దిబ్బ మీది తాడిచెట్లకు వేలాడే పాత గిజిగాడి గూళ్ళలో దాచేది.

"తాడెందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నీ వరస" అని కోడి నవ్వింది. "పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఇవి గుర్తుంటాయా మామ్మా?"

ఉడుత చెట్టు దిగి వచ్చింది. "అదేనే నా భయం! రండి, నేను మరిచినా మీరు మరవకండి" అంటూ కోడినీ ఎద్దునూ ప్రతి చెట్టు కిందా తిప్పి చూపించింది.

శ్రావణంలో నది ఎర్రబడింది. నక్క ఖాళీ తెప్పతో దిగింది.

"కోడమ్మా, ఈసారి లంక మునుగుతుంది. మీరేవో గింజలు దాచారట కదా. చెబితే అవతలి గట్టున భద్రంగా ఉంచుతాను" అంటూ పిల్లల్ని ఒక్కొక్కదాన్నే తేరిపార చూసింది.

కోడి భయపడి చెప్పేయబోయింది. ఉడుత అడ్డొచ్చింది.

"దానికేం తెలుసు నాయనా, దాచింది నేను. ఎక్కడంటే... పాడు మతిమరుపు! ఆ దిగువ రెల్లుదుబ్బుల కింద పాతాననుకుంటా."

ఉడుత మతిమరుపు లంకంతా ఎరిగిందే. నక్క నమ్మింది. తెప్పను ఒక దుబ్బుకు కట్టి, ఆత్రంగా అన్ని దుబ్బుల మొదళ్ళూ తవ్వింది. ఎంత తవ్వినా ఇసుకే. తలెత్తేసరికి నీళ్ళు పొట్టకు తగిలాయి. తెప్ప కట్టిన దుబ్బు వేళ్ళతో సహా లేచి, తెప్పను లాక్కుని పోయింది. నక్క ఈదుకుంటూ దిబ్బ పక్కనున్న మోడు ఎక్కింది.

"అబ్బాయ్ ఎద్దూ, నా తెప్ప కనబడిందా?"

"సముద్రస్నానానికి వెళ్ళింది బాబాయ్!"

దిబ్బ ఒక్కటే మిగిలింది. చుట్టూ హోరు. ఉడుత ఒక గూడు దులిపింది, మర్నాడు ఇంకొకటి. ఆ మర్నాడు చెట్ల కింద నిలబడిపోయింది. పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి.

"ఇంకా ఉన్నాయర్రా... ఏ చెట్టో తోచడం లేదు."

"పిడుగు పడ్డ వంకర తాడికి మామ్మా" అంది కోడి.

"ఆ తర్వాత జంట తాడిచెట్లకు" అంది ఎద్దు.

ఉడుత కళ్ళు తుడుచుకుని ఎక్కింది. గింజలు జలజలా రాలాయి. మోడు మీద నక్క చెవులు రిక్కించింది.

"కోడమ్మా, ఒక్క గుప్పెడు..."

"ఇస్తాను బాబాయ్. బదులుగా నీ పిల్లల్లో ఏదాన్నిస్తావ్?"

నక్క చెవులు వాల్చి మోడును కరుచుకుంది.

గండానికి గింజ దాచుకో, దాచిన చోటు అయినవాళ్ళకు చెప్పి ఉంచుకో.