గ్రాఫైట్ గోడకు కాపలా కాసిన ముగ్గురు

ఈ వృత్తాంతాన్ని నాకు చెప్పినవారు జోగారావు గారు. సూర్యుడిలో జరిగే పనిని ఉక్కు గదిలో జరిపించబూనిన ఒక ఫ్యూజన్ పరిశోధనశాలలో ఆయన స్టోర్సు అధికారి. తుని దాటాక రైలు ఆగిపోయిన ఒక మధ్యాహ్నం, మరమరాలు నములుతూ, ప్రమాణపూర్వకంగా చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆయన నవ్వలేదు కనుక నేను నమ్మాను.

ఆ యంత్రం ఆలనాపాలనా ముగ్గురిది: గవర్రాజు, అతని తమ్ముడు పైడయ్య, బావమరిది నూకరాజు.

"మా కొంపలో పిల్లికి కూడా బుర్రుంటుందండీ. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. సొంత తెలివి కలపం" అనేవాడట గవర్రాజు. అందులో చివరి మాట అక్షరసత్యం.

యంత్రం లోపల పెద్ద గారె ఆకారపు గది. గోడల నిండా నల్లటి గ్రాఫైట్ పలకలు. చూపుకు రాయే గాని, గ్రాఫైట్ మహా గడుసుది. వాయువునూ, గాలిలోని తేమనూ సన్నటి రంధ్రాలలో దాచుకుంటుంది. లోపల ప్లాస్మా, అంటే సూర్యుడిలోలా కణకణలాడే వాయువు, వెలగగానే, ఆ వేడికి దాచినదంతా ఒక్కసారి వదిలి దాన్ని ఆర్పేస్తుంది.

సోమవారం పరిశీలక సంఘం రానున్నది. ప్లాస్మా నిలవకపోతే యంత్రం మూత. దాన్ని ఏళ్ళ తరబడి బిడ్డలా పెంచిన శాస్త్రవేత్త నళినాక్షి గారు ముగ్గురినీ పిలిచారు.

"గోడను బాగా వేడి చేయండి. అది వదిలే గాలిని పంపు లాగేస్తుంది. అంతా పోయిందో లేదో చూసి చెప్పండి."

వేడి చేశారు. చల్లార్చారు. మీటరు చూస్తే సరిపోయేది. కానీ ఆవిడ మీటరు అనలేదు కదా! లోపలికే చూడాలని తలుపు లాగారు. రాలేదు.

"లోపల గాలి లేదు బావా, అందుకే బిగుసుకుపోయింది" అన్నాడు నూకరాజు.

"అయితే కాస్త గాలి పోద్దాం" అన్నాడు గవర్రాజు.

పోశారు. తలుపు వచ్చింది. ముగ్గురూ తలలు దూర్చారు. అంతే! వానాకాలపు గాలినంతా గోడ గటగటా తాగేసింది.

"మేడంగారూ, గాలి పూర్తిగా పోయిందండీ! గాలి పోసి మరీ చూశాం!"

నళినాక్షి గారు కుర్చీలో కూలబడ్డారు. "మళ్ళీ వేడి చేయండి. ఈసారి తలుపు తీశారో, చూడండి!"

తీయలేదు. వేడి చేసి చల్లార్చాక, యంత్రం పక్కనున్న కిటికీ తీశారు. పైడయ్యకు గోడ మురికిగా కనిపించింది.

"ఇంత నలుపా! వచ్చే పెద్దలు ఏమనుకుంటారన్నయ్యా?"

ఇంకేముంది, బకెట్టు తెచ్చి తడిగుడ్డతో కడిగారు.

"మరి తేమ పట్టదా బావా?"

"పొడిగుడ్డతో తుడిచాం కదరా!"

ఆ ఇంట సందేహాలకు అంతకుమించి ఆయుష్షు లేదు.

ఆదివారం నళినాక్షి గారు స్వయంగా పంపు నడిపించి, వేడి పెట్టారు. "నాయనలారా, మీకు దండం పెడతాను. దేన్నీ ముట్టుకోకండి" అని, సంఘంవారికి ఎదురు వెళ్ళారు.

కాసేపటికి పంపు ఆగింది.

"బొత్తాం నొక్కితే తిరుగుతుందన్నయ్యా."

"ముట్టుకోవద్దన్నారు. బుద్ధిగా కూర్చో."

చేతులు కట్టుకుని కూర్చున్నారు. గోడ వదిలిన గాలి ఎటూ పోలేక, గోడ చల్లారగానే మళ్ళీ స్వగృహానికే చేరింది.

సోమవారం గులాబీరంగు వెలుగు మెరిసింది. గోడ తాగినదంతా కక్కింది. వెలుగు ఆరింది.

"ఇంత వాయువు ఎక్కడిది?" అన్నారు సంఘాధ్యక్షులు.

గవర్రాజు వినయంగా ముందుకు వచ్చాడు. "అంతా మా చేతుల మీదుగా వెళ్ళిందేనండీ."

యంత్రం మూతపడింది. నళినాక్షి గారు విజయనగరంలో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నారు. అక్కడి ప్రయోగశాలను ఆవిడే ఊడ్చుకుంటారట. అధ్యక్షులవారు మూయించిన సామర్థ్యానికి పదోన్నతి పొందారు. నూకరాజు కొబ్బరికాయల వ్యాపారంలో స్థిరపడ్డాడు. అన్నదమ్ములిద్దరూ ఒక సినిమాహాలులో ద్వారపాలకులై క్షేమంగా ఉన్నారు.

అయితే పరిశోధనశాల వదిలే ముందు ఆ ఇద్దరికీ ఒక ఆఖరి పని అప్పగించారు: లోపల ఎవరూ లేరని చూసి, యంత్రం తలుపు శాశ్వతంగా బిగించడం.

పైడయ్య లోపలికి దిగి గారె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. గవర్రాజు బయట బోల్టులు బిగిస్తూ కేకేశాడు.

"లోపల ఎవరైనా ఉన్నారేంట్రా?"

"ఎవరూ లేరన్నయ్యా! నువ్వు బిగించెయ్!"