తవ్వినవాడివే నీళ్లు

ఆ ఏడు ఎండలకి కొండవాగులో ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. నక్క ఆ ఇసుకలోనే లోతుగా చెలమ తవ్వి, ఊరిన నీళ్ల పక్కన కూర్చుని బేరం పెట్టింది. కోతి తునికిపండ్లు తెస్తే ఓ గుక్క. ఎలుగుబంటి తేనెపట్టు తెస్తే కడుపునిండా. ఒట్టి చేతులతో వచ్చినవాళ్లకి నీతిబోధ మాత్రం ఉచితం.

అలా వచ్చింది జింక. ఈమధ్యే ఈనింది. నీళ్లు లేక పాలు ఎండిపోయి, పిల్ల లేచి నిలబడలేకపోతోంది.

"నక్కన్నా, ఒక్కసారి తాగనివ్వు. పిల్లకి పాలు పడాలి."

"ఇవ్వడానికి నాకేం కష్టం తల్లీ? ఇవాళ ఊరికే ఇస్తే రేపు నువ్వు తవ్వుకుంటావా? నిన్ను సోమరిని చేసిన పాపం నాకెందుకు?"

"నా గిట్టలకి ఇసుక ఆగడం లేదన్నా. తవ్వేకొద్దీ పూడిపోతోంది."

"అదే మరి. ప్రయత్నం చాలదు."

ఈ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. తీర్పు చెప్పమని నక్కే తగవుని సభకెక్కిస్తే, చెలమ పక్కనే కూడిన ఆ సభకి మాత్రం అవి తెగ నచ్చాయి. ఎలుగుబంటి పెద్దరికం వహించింది.

"పాపం, పసిగుడ్డు ఉంది కదా" అని నసిగింది కోతి.

"జాలి వేరు, న్యాయం వేరు కోతి బావా! నువ్వు చెట్లన్నీ ఎగబాకి పండ్లు తెచ్చి తాగావు. ఆవిడకి ఊరికే ఇస్తే నీ కష్టానికి విలువేముంది?" అంది నక్క.

అంతవరకు తనకి అన్యాయం జరుగుతోందని కోతికి తెలీదు. "అవును కదా! నేనేమన్నా వెర్రివాణ్ణా?" అని ఎగిరింది.

ఓ మూల దుంప నములుతున్న ముళ్లపంది తలెత్తి నక్క వంక చూసింది. "అల్లుడూ, చిన్న సందేహం. ఎవరు తవ్వింది వాళ్లదే. అంతేనా?"

"అంతే మామా!"

"అవసరం ఉందని ఏడిస్తే?"

"ఏడిస్తే హక్కు వస్తుందా?"

"పసిపిల్లలున్నారంటే?"

"కన్నవాళ్లు చూసుకోవాలి. అడవంతా ఎందుకు మొయ్యాలి?"

సభ చప్పట్లు కొట్టింది. ఎలుగుబంటి గొంతు సవరించుకుంది. "ఇదే తీర్పు. మన ఆనవాయితీ ప్రకారం, తీర్పు అడిగినవాడి ఇంటినుంచే అమలు మొదలు."

"దివ్యంగా!" అంది నక్క, తోక ఇంకాస్త పైకెత్తి.

"అయితే పొద్దుగూకేలోగా బొరియ ఖాళీ చెయ్యి అల్లుడూ" అంది ముళ్లపంది.

"ఏ బొరియ?"

"నువ్వుంటున్నదే. తవ్వింది నేను. నిరుడు వానల్లో మీ ఆవిడ నిండు చూలాలు, తడిసిపోతోందని బతిమాలితే నేను తప్పుకుని మీకిచ్చాను."

నక్క మొహం పాలిపోయింది. "అది వేరు మామా! అది సాయం!"

"సాయం చేసి నిన్ను సోమరిని చేశానే! ఆ పాపం నాకెందుకు?"

"ఈ ఎండలో పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోను? గట్టునేల రాయిలా ఉంది. నా గోళ్లకి లొంగదు!"

"ప్రయత్నం చాలదు" అంది కోతి. ఎటు గాలి వీస్తే అటు ఊగడం దానికి చిన్నప్పటినుంచీ అలవాటు.

నక్క ఎలుగుబంటి కాళ్లమీద పడింది. "పెద్దాయనా, న్యాయం మరీ ఇంత కఠినంగా ఉంటే ఎలా? అవసరం కూడా చూడాలి కదా!"

"చూడాలంటావా?"

"చూడాలి! పసిపిల్లలున్నవాళ్లని ముందు చూడాలి!"

"గట్టిగా చెప్పు. వెనకవాళ్లకి వినపడలేదు."

"పసిపిల్లలున్నవాళ్లని ముందు చూడాలీ!" అని నక్క గొంతు చించుకుని అరిచింది.

"సరే, తీర్పు మార్చాం. బొరియ నీకే. జింకమ్మా, నువ్వెళ్లి తాగు."

నక్క అడ్డం పోబోయింది. ముళ్లపంది వంక చూసి తోక దించుకుంది. జింక అప్పటికే చెలమలో మూతి పెట్టేసింది.

ఎదుటివాడికి నీతి చెప్పేముందు, అదే నీతి మన తలుపు తడితే ఏమంటామో ఆలోచించుకోవాలి.