ఉబ్బే సీసా

బీరు కాచేవాడికి ఒకటే కుండ ఉండేది. ఎంత కాచినా పది సీసాలకు మించి వచ్చేది కాదు. కిందటేడు రాజుగారి విందులో అతని బీరు నురగ లేకుండా చప్పగా ఉంది. ఈసారీ అలాగే ఉంటే కుండ పగలగొట్టి, గుర్రాలకు గడ్డి కోసే పనిలో పెడతామన్నారు. అతనికి కాచడం తప్ప మరో పని రాదు.

నురగ రావాలంటే పులిసిన బీరులో చెంచాడు పంచదార వేసి, మూత బిగించి, పది రోజులు ఉంచాలి. లోపల పుట్టే గ్యాసు బయటికి పోకూడదు. పోకుండా ఆపేదెవరు? అదే అతని ప్రాణానికొచ్చిన గొడవ.

"నన్ను తీసుకో, చల్లగా ఉంచుతాను" అంది మట్టి కూజా.

"నిరుడు నిన్నే కదమ్మా నమ్మింది! ఒళ్లంతా చిల్లులే నీకు."

"నాలో ఏం జరిగినా పైకి తెలియదు" అంది పల్చటి గాజు సీసా.

"గ్యాసు ఎక్కువైతే?"

"కష్టం చెప్పుకోవడం మా ఇంటా వంటా లేదు."

చివర్న పాత ప్లాస్టిక్ సోడా సీసా గొణిగింది. "నేను ఉబ్బుతాను. నొక్కి చూసుకో. మరీ గట్టిపడితే మూత కాస్త వదులు చెయ్యి. లేదంటే గోల పెడతాను."

హమ్మయ్య, నిజం చెప్పేదొకటి దొరికిందనుకున్నాడు. అంతలో విందుల అధికారి ఊడిపడ్డాడు.

"రాజుగారి ముందు పొట్టేసుకుని నిలబడే సీసానా? గాజులో పొయ్యి."

"అయ్యా, అవి చెప్పవు. పగులుతాయి."

"చెప్పలేదంటే బాధ లేనట్టేగా!"

ఇలాంటి మనిషికి ఏం చెప్పి చావాలి? తల కొట్టుకుని తొమ్మిది గాజు సీసాలు నింపాడు. మిగిలినది ప్లాస్టిక్ సీసాలో పోసి గాదె వెనక దాచాడు.

రోజూ దాన్ని నొక్కి చూసేవాడు. "ఇక నా వల్ల కాదు" అని అది మూలిగినప్పుడల్లా మూత వదులు చేసి మళ్లీ బిగించేవాడు. గాజు సీసాలను అడిగితే "దివ్యంగా ఉన్నాం" అనేవి. తొమ్మిదో రోజు కూడా దివ్యంగానే ఉన్నాయి. పదో రోజు పొద్దున తొమ్మిదీ వరసగా పేలిపోయాయి. అధికారిని తిట్టుకుంటూ పెంకులు ఊడ్చాడు.

మిగిలిన ఒక్క సీసా పట్టుకుని విందుకు వెళ్లాడు. రాజు తాగాడు. మీసాలకు నురగ అంటుకుంది.

"భేష్! ఇక విందులన్నీ నీవే" అన్నాడు. కుండ దక్కినందుకు అతనికి ఏడుపొచ్చింది.

"ఇంత మంచి సీసాకి ఈ అవతారమేమిటి?" అన్నాడు రాజు మళ్లీ. "మూతతో సహా బంగారు తొడుగు వేయించండి. దాని ఉబ్బు కనపడకూడదు, గోల వినపడకూడదు."

తర్వాతి విందుకు అధికారి దాన్ని తనే నింపించి, పది రోజులుంచి, తెచ్చి సింహాసనం పక్కన పెట్టాడు. కాచేవాడు బంగారం మీద బొటనవేలితో నొక్కాడు. చెవి ఆనించాడు. ఏమీ తెలియలేదు. సభంతా బంగారాన్ని మెచ్చుకుంటోంది. అతనికి విసుక్కునే ఓపిక కూడా అయిపోయింది.

"ప్రభూ" అన్నాడు, "తమరు కాస్త దూరంగా కూర్చోండి."