చేగోడీల డబ్బా

పెదలంకపాడులో గవర్రాజు అనే పెద్దమనిషి ఉండేవాడు. ఏం తిన్నా ఆయన చేయి పళ్లెంలో, కళ్లు టీవీలో ఉండేవి. ఢిల్లీలో ఏ పార్టీ ఎవరితో కలుస్తుందో పొద్దుగూకేలోగా తను తెలుసుకోకపోతే దేశం ఆగిపోతుందని ఆయన నమ్మకం. ఊళ్లో చాలామందికి ఆ నమ్మకం ఉంది కానీ, వాళ్ల పళ్లేలలో అంత మంచివి ఉండేవి కావు.

ఆయన భార్య వరాలమ్మ ప్రతి శనివారం చేగోడీలు చేసేది. మరిగే నీళ్లలో ఉక్కించిన బియ్యప్పిండిని తీగలా సాగదీసి, చూపుడువేలికి చుట్టి, కొసలు అతికించి నూనెలో వేసేది. మొదటి వాయి తెచ్చి పెట్టి, "ఎలా ఉన్నాయండీ?" అని అడిగి నిలబడేది. ఆయన టీవీ వైపే తల ఊపి, బాగున్నాయనేవాడు.

ఒక శనివారం ఆమె కావాలనే ఉప్పు వేయకుండా చేసింది. ఆయన పళ్లెం ఖాళీ చేసి, బాగున్నాయన్నాడు. వరాలమ్మ నవ్వుకుంటూ ఆ మాట పక్కింటి అచ్చియ్యమ్మకు చెప్పింది. అచ్చియ్యమ్మకు చెప్పాక ఊరికి వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం పాలకేంద్రం దగ్గర అందరూ నవ్వారు. పొద్దున తమ ఇంట్లో ఏం కూర వండారో చెప్పలేని మగవాళ్లు మరీ గట్టిగా నవ్వారు. వరాలమ్మ మాత్రం ఆ తర్వాత నవ్వలేదు. ఎలా ఉన్నాయని అడగడం కూడా మానేసింది. మానేసిన సంగతి గవర్రాజు గమనించలేదు.

ఆ వానాకాలం వరాలమ్మ నాలుగు రోజుల జ్వరంతో పోయింది. అంతకు ముందు శనివారం చేసిన చేగోడీలు డబ్బాలో అలాగే ఉండిపోయాయి. మైల ఇంట్లో మూకుడు పెట్టరు, వేయించినవి ముట్టరు. పెద్దకర్మ దాకా ఎవరూ ఆ డబ్బా మూత తీయలేదు. ఓదార్చడానికి వచ్చిన అచ్చియ్యమ్మ కూడా కళ్లు ఒత్తుకుంటూ దానివైపు మూడుసార్లు చూసిందే తప్ప అడగలేదు.

చుట్టాలంతా వెళ్లిపోయారు. చివరగా కూతురు హైమ ఆ డబ్బా తండ్రి చేతిలో పెట్టింది.

"నాన్నా, నా పెళ్లయ్యాక అమ్మ వీటిలో కొత్తగా ఏదో కలుపుతోంది. అడుగుదామనుకుంటూనే మర్చిపోయాను. వచ్చే ఆదివారం వస్తాను. ఇద్దరం నెమ్మదిగా రుచి చూసి కనుక్కుందాం. అప్పటిదాకా ఉంచు."

"ఉంచుతానమ్మా," అన్నాడు గవర్రాజు. నిజంగానే ఉంచాలనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ఇంట్లో చప్పుడు లేకపోవడం ఆయన భరించలేకపోయాడు. టీవీ పెట్టాడు. డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. తినడానికి కాదు, దగ్గర ఉంటుందని. టీవీలో నలుగురు పోట్లాడుకుంటున్నారు. చేయి తనకు అలవాటైన పని తను చేసుకుపోయింది. ఆ మర్నాడూ అంతే. మూడో సాయంత్రం గోళ్లు అడుగు రేకుకు గీసుకున్నాయి. అప్పుడు కిందికి చూశాడు.

ఆదివారం హైమ వచ్చి మూత తీసింది. తిట్టలేదు.

"పోనీలే నాన్నా. వామా, జీలకర్రా? కారమా, మిరియమా? అది చెప్పు, చాలు."

కూతురి పెళ్లయినప్పటి నుంచి పన్నెండేళ్లపాటు ప్రతి శనివారం అవే తిన్న మనిషి చాలాసేపు ఆలోచించాడు.

"బాగుండేవమ్మా," అన్నాడు.

హైమ డబ్బాను వంచి తట్టింది. మూల నుంచి చేగోడీ నూక ఒక్కటి రాలింది. గుర్తుపట్టగలిగితే ఆయనే గుర్తుపట్టాలని దాన్ని తండ్రి అరచేతిలో వేసింది. గవర్రాజు లేచి వెళ్లి టీవీ కట్టేసి వచ్చాడు. కళ్లు మూసుకుని నూకను నాలుక మీద పెట్టుకున్నాడు. ముందు ఏదో కమ్మటి వాసన తగిలింది, వెనక సన్నటి ఘాటు. అదేమిటో పట్టుకునేలోగా కరిగిపోయింది.

"ఏమిటి నాన్నా?"

ఆయన కళ్లు తెరవలేదు. "ఇంకొక్కటి ఉంటే చెప్పేవాణ్ణమ్మా," అన్నాడు.

ఇప్పుడు హైమ వచ్చినప్పుడల్లా ఒక్కోసారి ఒక్కోటి కలిపి చేస్తుంది. ఆయన టీవీ కట్టేసి, ఒక్కొక్క చేగోడీ నెమ్మదిగా నమిలి, ఉప్పు సరిపోయిందంటాడు. తర్వాత, ఇది అది కాదంటాడు.

ఇంట్లో మనకోసం చేసి పెట్టినదాన్ని ధ్యాస పెట్టి, రుచి తెలుసుకుంటూ తినాలి. ఎలా ఉందో చేసిన మనిషి ఎదుట ఉండగానే చెప్పాలి.