తొమ్మిదో నంబరు చొక్కాకు ఒక టీ

చిన్న కథ. టీ చల్లారేలోపు అయిపోతుంది. మా ఊరి ఆడపిల్లల ఫుట్‌బాల్ కోచ్ చిదానంద, ఆయన గురువు హుసేన్‌పీరా సార్, వాళ్ళిద్దరి మధ్య ఒక చొక్కా. అంతకు మించి ఏమీ లేదు.

అయితే టీ అన్నాను కాబట్టి ఓబులేసు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆటస్థలం గేటు పక్కన ఆయన కొట్టు. పొయ్యి రోడ్డు వైపు కట్టించుకున్నాడు కనుక ఆటంతా వీపుతోనే చూస్తాడు. అయినా ఎవరు ఎక్కడ తప్పు చేశారో ఆయన చెప్పినంత గట్టిగా రెఫరీ కూడా చెప్పలేడు. పాలల్లో నీళ్ళు ఎంత కలుపుతాడో అడిగితే మాత్రం ఆయనకేమీ తెలియదు.

ఆ ఆటస్థలం ఒకప్పుడు చేలో పీకిన వేరుశనగ కట్టె ఆరబోసుకునే కళ్ళం. హుసేన్‌పీరా సార్ మా హైస్కూలుకు డ్రిల్లు మాస్టారుగా వచ్చాక రాళ్ళేరించి, గోల్‌పోస్టులు పాతించాడు. కట్టె ఎక్కడ ఆరబోసుకోవాలని మా వాళ్ళు కొన్నాళ్ళు కోపంగా ఉన్నారు. తర్వాత ఆట చూడడం మొదలుపెట్టి, రెఫరీ మీద కోపంగా ఉన్నారు. ఇప్పటికీ అలాగే ఉన్నారు. సార్ రిటైరయినా ఊరు విడిచి పోలేదు. పిల్లల క్లబ్బుకు ఆయనే పెద్ద. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నోట్లో ఈల ఉండేది కాబట్టి మాట్లాడే వీలు లేదు. ఈల తీసేశాక కూడా ఆ అలవాటు పోలేదు.

చిదానంద ఆయన దగ్గరే ఆడి పెరిగాడు. పట్నం పోయి కోచింగ్ కోర్సు చేసి, ఒక సర్టిఫికెట్టు, మూడు కాళ్ళ స్టాండు, ఒక లాప్‌టాప్‌తో తిరిగొచ్చాడు. ఆయన కష్టం అక్కడే మొదలైంది.

ఆదివారం ఆట ఉంటుంది. చిదానంద స్టాండు మీద ఫోన్ పెట్టి ఆటంతా వీడియో తీస్తాడు. ఆట ఎదురుగా జరుగుతున్నా ఆయన చూసేది ఫోన్‌నే. బ్యాటరీ ఎంతుంది, గాలికి స్టాండు కదిలిందా, అదే ధ్యాస. తర్వాత ఇంట్లో కూర్చుని ఆ వీడియోను ఒక్కో తన్ను దగ్గరా ఆపుతూ లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తాడు. ఎవరు తన్నారు, ఎవరికి తన్నారు, ఏ కాలితో, మైదానంలో ఏ మూల నుంచి, బంతి చేరిందా లేదా. ఒక ఆట ఎక్కించడం పూర్తయ్యేసరికి ఇంకో ఆట మీద పడేది.

"పిల్లోళ్ళు ఒక పూట ఆడిన ఆటను నువ్వు వారమంతా ఆడుతున్నావు గదరా," అనేది వాళ్ళమ్మ.

పని తగ్గించుకోవడానికి చిదానంద ఉపాయాలు కనిపెట్టాడు. పాస్‌కు ఒక అక్షరం. గోలు మీదికి తంతే ఇంకో అక్షరం. అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమయ్యేది పేర్ల దగ్గర. గంగరత్న అని ఒక్క పిల్ల పేరు కొట్టేలోపు రెండు పాసులు ఎక్కించేయొచ్చు. అందుకని సీజను మొదట్లో ఏ పిల్లకు ఏ నంబరు చొక్కా ఇచ్చారో ఒకసారి ఎక్కించుకుని, ఇక పేర్ల జోలికి పోకుండా వీడియోలో వీపు మీద కనపడే నంబరు మాత్రం కొట్టడం మొదలుపెట్టాడు. పని సగానికి సగం తగ్గింది. ఆ సంగతి ఓబులేసు కొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. ఎలా తగ్గిందో మాత్రం చెప్పలేదు. చెప్పినా మాకు అర్థం కాదని ఆయన నమ్మకం.

అప్పుడే జిల్లా స్పోర్ట్స్ హాస్టల్ నుంచి కబురొచ్చింది. ప్రతి జట్టు నుంచి ఒక పిల్లను సెలక్షన్‌కు పంపమన్నారు. మా ఊళ్ళో టెన్త్ అయిపోయిందంటే ఆడపిల్లకు ఆట కూడా అయిపోయినట్టే. హాస్టల్లో సీటు వస్తే ఇంటర్ చదువు, మూడు పూటలా తిండి, పచ్చగడ్డి మైదానం. గంగరత్నకు ఇది టెన్త్ సంవత్సరం. గోళ్ళు కొరుక్కుంటూ ఆ పిల్ల, వేరుశనగ మిల్లులో కాయ ఒలుస్తూ వాళ్ళమ్మ తిప్పక్క, ఇద్దరూ ఆ కబురు కోసమే చూస్తున్నారు. గంగరత్న కాక ఇంకెవరు పోతారని ఊరూ అనుకుంది.

చిదానంద లాప్‌టాప్‌లో ఒక మీట నొక్కాడు. అందరికంటే పైన తొమ్మిదో నంబరు వచ్చింది. అన్నిటికంటే కింద నాలుగో నంబరు. సీజను మొదట్లో తొమ్మిది ఇచ్చింది పుష్పావతికి. నాలుగు ఇచ్చింది గంగరత్నకు. కాగితం మీద పుష్పావతి పేరు రాశాడు.

పుష్పావతి మంచి పిల్ల. బంతి తన వైపు వస్తే మర్యాదగా పక్కకు జరిగి దారి ఇస్తుంది. తన పేరు రాశారని తెలియగానే మంచం కిందికి దూరింది. వాళ్ళ నాన్న మాత్రం సార్ సంతకం పడకముందే వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. అన్యాయమని అందరం మండిపడ్డాం. మైసూర్‌పాక్ తిన్నాకే మండిపడ్డాం.

మిల్లు విడిచీ విడవకముందే తిప్పక్క ఓబులేసు కొట్టుకు వచ్చింది. చిదానంద అక్కడే ఉన్నాడు.

"ఏమప్పా, నా బిడ్డ ఆడేది నీ కండ్లకు కనపళ్ళేదా?"

"కనపడిందక్కా. బాగానే ఆడతాది."

"మరి పేరెందుకు రాయలేదు?"

"కంటికి కనపడింది నమ్మకూడదక్కా. కోర్సులో మాకు మొదట చెప్పిందే అది. లెక్కలో ఏముంటే అది."

ఓబులేసు పొయ్యి మీదినుంచి తల తిప్పకుండానే అన్నాడు. "నేను గూడా చూసినా. ఆ పిల్లకు మించి ఎవరుండారు?"

"నువ్వు వీపుతో చూసినావు."

"నువ్వు ఫోన్‌తో చూసినావు. నా వీపే నయం, చార్జింగ్ పెట్టే పన్లేదు."

అందరూ నవ్వారు. తిప్పక్క నవ్వలేదు.

"సరేప్పా. రేపట్నుంచి నా బిడ్డ ఆటకు రాదు," అంది. "నీ లెక్కకే బూట్లు తొడిగి ఆడించుకో."

చిదానంద గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచాడు. ఆయనకూ కోపమే. నెలల తరబడి కండ్లు చెడగొట్టుకుని చేసిన పని. ఊళ్ళో ఒక్కరూ దాన్ని చూడలేదు. చూడకుండానే అన్యాయమంటున్నారు. కాగితం తీసుకుని నేరుగా హుసేన్‌పీరా సార్ ఇంటికి పోయాడు.

సార్ వాకిట్లో దండెం మీద జట్టు చొక్కాలు ఆరుతున్నాయి. చొక్కాలు ఉతికేది ఆ ఇంట్లోనే. ఆట రోజు పొద్దున పిల్లలు వచ్చి తీసుకుపోతారు. సార్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆరినవి మడతపెడుతున్నాడు.

"సార్, ఈ ఊళ్ళో పనికి విలువ లేదు," అన్నాడు చిదానంద.

సార్ ఇంకో కుర్చీ చూపించాడు.

"నోటికొచ్చినట్టు అంటున్నారు సార్. ఎవరి మీదా ప్రేమ లేకుండా, ద్వేషం లేకుండా, తన్నిన ప్రతి తన్నూ ఎక్కించినా. ఇంకా తొందరగా ఎక్కించే దారేమన్నా ఉంటే చెప్పండి. పోయిన సంవత్సరం ఆటలు గూడా ఎక్కిస్తా. అప్పుడు ఎవడు నోరెత్తుతాడో చూస్తా."

సార్ కాగితం అందుకున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదినుంచి కిందికి దించాడు.

"ఎట్లా ఎంచినావు?"

"తొమ్మిదో నంబరు అన్నిట్లో ముందుంది సార్. పాసులు, గోల్స్, పరుగు, అన్నీ."

"పేర్లు కొట్టలేదా?"

"నంబర్లే సార్. పేర్లయితే చానా టైము తింటాయి."

సార్ తల ఊపాడు. లేచి దండెం దగ్గరకు పోయి తొమ్మిదో నంబరు చొక్కా తీశాడు. రెండు విదిలింపులు విదిలించాడు. లోపలి నుంచి మూడో కుర్చీ తెచ్చి, దాని వీపుకు ఆ చొక్కా తొడిగి, ముడతలు సర్దాడు. ఇంట్లోకి చూసి, "మూడు టీలు," అన్నాడు.

ఎవరో వస్తున్నారనుకుని చిదానంద గేటు వైపు చూశాడు. ఎవరూ రాలేదు.

టీలు వచ్చాయి. సార్ ఒకటి చిదానందకు ఇచ్చాడు, ఒకటి తను తీసుకున్నాడు. మూడోది చొక్కా ముందు స్టూలు మీద పెట్టాడు.

"తాగు తల్లీ," అన్నాడు చొక్కాతో. "హాస్టల్‌కు పోతాండావంట. అక్కడ చలి జాస్తి. స్వెట్టరు పెట్టుకో."

చిదానంద మొహం ఎర్రబడింది. "నా పని మీద మీరు గూడా ఎగతాళి చేస్తారా సార్?"

"ఎగతాళేముంది? నువ్వు ఎంచినామెకు మర్యాద చేస్తాండా."

"నేను ఎంచింది పుష్పావతిని."

సార్ ఒక గుక్క తాగాడు. "పోయిన ఆదివారం ఈమె లోపల ఎవరుండ్రి?"

పుష్పావతి అనబోయి చిదానంద ఆగాడు. పోయిన ఆదివారం పుష్పావతి బూటు దారం ఊడిపోతే తనే వంగి కట్టాడు. మొహం గుర్తుంది. ఎండకు కళ్ళు చికిలించుకుని నిలబడింది. వీపు మీద నంబరు గుర్తు రాలేదు. ఆ ముందు ఆదివారం? అదీ గుర్తు రాలేదు. చొక్కా ముందున్న టీ మీద మీగడ కట్టింది.

ఊళ్ళో అందరికీ తెలిసి చిదానందకు తెలియని సంగతి ఒకటుంది. మా పిల్లలకు ఒక ఆచారం. గోలు కొట్టిన పిల్ల తన చొక్కాను ఆ రోజు ఏడ్చిన పిల్లకు ఇచ్చి, ఏడ్చిన పిల్ల చొక్కా తను తీసుకుంటుంది. గోలు కొట్టిన చొక్కాలో ఇంకో గోలు మిగిలి ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఏడ్చే వాళ్ళకు మా జట్టులో కొరత లేదు. ఓడితే ఓడామని ఏడుస్తారు. గెలిస్తే తనకు బంతి ఇవ్వలేదని ఎవరో ఒకరు ఏడుస్తారు. గంగరత్న దాదాపు ప్రతి ఆటలోనూ గోలు కొడుతుంది. కనుక ప్రతి ఆటకూ ఆమె వీపు మీద కొత్త నంబరు. ఆమె ఆట జట్టులో ఉన్న నంబర్లన్నిటికీ తలా కాస్త పంపకమైపోయింది. తొమ్మిదికి కాస్త ఎక్కువ అందింది. ఆమె సొంత నాలుగో నంబరు మొదటి ఆటలోనే పుష్పావతికి పోయింది. అది తొడుక్కున్నాక పుష్పావతి మళ్ళీ ఏడవలేదు, గోలూ కొట్టలేదు. కాబట్టి అది ఆ పిల్ల ఒంటి మీదే ఉండిపోయింది.

ఎవరూ దాచలేదు. తర్వాతి ఆట రోజు పొద్దున ఈ వాకిట్లోనే, అందరి ముందే చొక్కాలు మార్చుకుంటారు. ఆ సమయానికి చిదానంద మైదానంలో స్టాండు కాళ్ళు సరిచేసుకుంటూ ఉంటాడు. ఆయన నంబర్లు కొడుతున్నాడని మాకు తెలియదు. వాళ్ళు నంబర్లు మార్చుకుంటున్నారని ఆయనకు తెలియదు. ఇంత పెద్ద కోచ్‌కు ఈ మాత్రం తెలియదని మాకు మాత్రం ఎలా తెలుస్తుంది?

చిదానంద చాలాసేపు ఆ కుర్చీ వైపు చూశాడు. కాగితం వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు.

"అయితే తొందరగా ఎక్కించే దారి లేదా సార్?"

"టీ చల్లారిపోతాంది," అన్నాడు సార్. "ఆడినోళ్ళను అడగరాదా?"

మరుసటి రోజు నుంచి స్కూలు వరండాలో చిదానంద పిల్లలందరినీ కూర్చోబెట్టి వీడియోలు పెట్టాడు. గంగరత్న రాలేదు. మిగిలినవాళ్ళు నడక చూసి, జడ చూసి పేర్లు చెబుతుంటే ఆయన పేర్లు కొట్టాడు. పని తొందరగా అయ్యిందా అంటే, కాలేదు. ప్రతి పాసుకూ ఒక పంచాయితీ. బంతి తగిలింది నీ కాలికా నా కాలికా అని ఇద్దరు పిల్లలు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. కానీ గోలు పడ్డప్పుడు మాత్రం పంచాయితీ ఉండేది కాదు. ఏ నంబరు చొక్కా ఉన్నా అందరూ ఒకే పేరు చెప్పేవాళ్ళు. చిదానంద ఆ పేరు పూర్తిగా, అక్షరం అక్షరం కొట్టేవాడు.

లెక్క తేలాక మిల్లు దగ్గరకు పోయి నిలబడ్డాడు. తిప్పక్క కాయ ఒలుస్తూనే ఉంది.

"గంగరత్న పేరు రాసినానక్కా. సార్ సంతకం గూడా అయింది."

"మొన్న గూడా నా బిడ్డే గదప్పా ఆడింది."

"అవునక్కా."

"మరి మొన్న ఎందుకు రాయలేదు?"

ఆమె తల ఎత్తి ఆయన్ని ఒకసారి చూసి, చేటలో పొట్టు చెరిగింది. అందులో సగం ఆయన ప్యాంటు మీద పడింది. దులుపుకోకుండా నిలబడ్డాడు.

"ఎన్ని గంటలకు బస్సు?" అంది చివరికి.

మంచం కిందినుంచి పుష్పావతి బయటికి వచ్చి అన్నం తింది. వాళ్ళ నాన్నకు మా మీద కోపం. తిన్న మైసూర్‌పాక్ గురించి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

సెలక్షన్‌కు గంగరత్న వెంట చిదానందే పోయాడు. లాప్‌టాప్ వెంట తీసుకుపోయాడు. పేర్లతో, మొదటి నుంచి చివరిదాకా సరిచేసిన లెక్క. దాన్ని చూసే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. మైదానం నిండా పిల్లలున్నారు. గోలు కాయడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. వరుసలో పొడుగ్గా కనపడిందని గంగరత్నను పిలిచి గోల్‌పోస్టుల మధ్య నిలబెట్టారు.

చిదానంద అక్కడినుంచే సార్‌కు ఫోన్ చేశాడు.

"గోలు కొట్టే పిల్లను తీసుకుపోయి గోలు కాయమంటున్నారు సార్. ఒక్కడు గూడా ఆమె ఆట అడగలేదు. పుట్టినప్పట్నుంచీ ఆ పిల్ల ఒక్క బంతి ఆపింది లేదు. ఆపినట్టు నా దగ్గర ఒక్క ఎంట్రీ లేదు."

"ఇప్పుడు ఆపుతాందా?"

అటువైపు పిల్లల కేకలు వినపడ్డాయి.

"ఆపుతాంది సార్."

"చూడు మరి," అన్నాడు సార్.

గంగరత్నను తీసుకున్నారు. గోల్‌కీపర్‌గా.